నడిచే దారి లేని కాలనీలో జుజెప్పా

జుజెప్పా మా ఎదురింటికి వచ్చేనాటికి ఆమె భర్త పోయి ఏడాది అయింది. మాల్టా నుంచి వచ్చి, సన్‌షైన్ అనే పాత పేటలో చెక్కగోడల ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి. ఆయన లేని ఆ ఇంట్లో ఉండలేక అమ్మేసి, మెల్‌బోర్న్ పడమటి చివర, మా కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కుంది. పిల్లలు లేరు. కారు నడపడం రాదు.

"ఇల్లు బాగుంది కదా ఆంటీ," అన్నాను మొదటిసారి పలకరిస్తూ.

"ఇల్లు బాగానే ఉంది. మనుషులేరీ?" అంది.

మనుషులు ఉన్నారు. పొద్దున్నే గరాజు తలుపులు లేస్తాయి, కార్లు వెళ్లిపోతాయి. సాయంత్రం వచ్చి లోపలికి దూరతాయి, తలుపులు దిగుతాయి. నేనూ అంతే. ఆసుపత్రిలో డ్యూటీ, ఇల్లు. పక్కింటాయన ముఖం కంటే ఆయన కారు నంబరే నాకు బాగా గుర్తు.

సన్‌షైన్‌లో ఆవిడ రొట్టెకి ఒక కొట్టుకి, చేపలకి ఇంకో కొట్టుకి, ఆదివారం చర్చికి, అన్నిటికీ నడిచే వెళ్లేది. దాన్ని వ్యాయామం అని ఎవరూ అనలేదు. ఇక్కడ సరుకులు వ్యానువాడు గుమ్మంలో పెట్టిపోతాడు. రెండో చలికాలానికి ఆవిడ కాళ్లు వాచాయి, షుగరు పెరిగింది. డాక్టరు నడవమన్నాడు.

నడిచింది. ఫుట్‌పాత్ మా వీధి చివరిదాకా వచ్చి గడ్డిలో కలిసిపోతుంది. సూపర్‌మార్కెట్ బోర్డు ఆవిడ వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది కానీ, మధ్యలో కాలనీ ప్రహరీ, వాననీటి కాలువ. చుట్టూ తిరిగి, లారీలు పోయే పెద్ద రోడ్డు అంచున వెళ్లాలి. దారిలో నీడ లేదు. నాటిన మొక్కలు నా భుజం ఎత్తుకి కూడా రాలేదు.

ఒకతను కారాపి అడిగాడట, "ఏం పెద్దమ్మా, కారు చెడిపోయిందా?" అని.

"లేదు నాయనా, నడుస్తున్నా."

"ఎక్కడికి?"

"అదే తెలియట్లేదు," అందట.

ఇక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఎండల్లో ఒకరోజు, డ్యూటీ నుంచి వస్తుంటే, చెత్తడబ్బా నీడలో నేలమీద కూర్చుని కనిపించింది. పెదాలు ఎండిపోయాయి. కార్లో ఎక్కించుకుని నీళ్లు తాగించాను.

"నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా ఆంటీ. ఎక్కడికంటే అక్కడ దింపనా?"

"దింపుతావు. మళ్లీ కూర్చునే కదా వెళ్లాలి." ఇంకో గుక్క తాగి అంది, "ఎన్ని కార్లు పోయాయో. కొందరు చెయ్యి కూడా ఊపారు. పాపం, ఊరికే కూర్చున్నాననుకున్నారు."

మళ్లీ చలికాలం రాకముందే ఇల్లు అమ్మేసింది. సన్‌షైన్ స్టేషను దగ్గర ఒంటిగది ఫ్లాటు తీసుకుంది.

"అంత చిన్నదాంట్లో ఎలా ఉంటారు?" అన్నాను.

"దాంట్లో ఉండేదెవరు?" అంది.

షుగరు దిగిందని తర్వాత ఫోన్లో చెప్పింది. పాతవాళ్లెవరూ మిగల్లేదట. చర్చిలో మాల్టా భాష మాట్లాడేవాళ్లు తగ్గిపోయారట. రొట్టెల కొట్టు వియత్నాం వాళ్ల చేతికి వచ్చింది.

"కొట్లో ఉండే పిల్ల పేరు కూడా తెలీదు. కానీ ఒకరోజు వెళ్లకపోతే, మర్నాడు ఏమైందని అడుగుతుంది," అంది.

మొన్న ఆదివారం చూసి వద్దామని వెళ్లాను. ఎంత తట్టినా తలుపు తియ్యలేదు. ఆంటీ అని గట్టిగా పిలిచాను. పక్క ఫ్లాటు ఆయన తల బయటపెట్టాడు.

"ఆవిడా? ఈ వేళప్పుడు ఇంట్లో ఎందుకుంటుందండీ," అన్నాడు.

మెట్లమీద చాలాసేపు కూర్చున్నాను. వీధిలో జనం నడిచిపోతున్నారు. ఒకరిద్దరు నన్ను పలకరించారు కూడా. ఎండ వాలినా ఆవిడ రాలేదు. లేచి కారు తీశాను.