అట్టలు నంద్యాలలో, రికార్డులు ఆళ్లగడ్డలో

ఈ విషయమై నేను గ్రంథాలయం ట్రస్టుకు రాసిన నాలుగు ఉత్తరాలకూ ఇంతవరకు జవాబు లేదు. అందుకే ఇప్పుడు అచ్చులో రాస్తున్నాను. దీన్నైనా ఫైలు కింద దాచలేరు.

1978 జూన్‌లో నన్ను నంద్యాలలో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయంలో రెండవ గ్రేడు గ్రంథపాలకుడిగా వేశారు. మొదటి గ్రేడు నాకు రావలసింది. ఎందుకు రాలేదో మా సూపరింటెండెంటుకే తెలుసు. ఆ ఏడాదే, చర్చి బడిలో పనిచేసి రిటైరైన యాకోబు మాస్టారు పదకొండు గ్రామఫోను రికార్డులు, వాటి అచ్చు అట్టలతో సహా తెచ్చి ఇచ్చారు. స్వదేశం వెళ్లిపోతూ ఒక మిషనరీ ఆయనకు వదిలిపోయినవవి. అన్నీ 1959లో అమెరికాలో వెలువడిన జాజ్, బ్లూస్ రికార్డులే. ఆ ఒక్క ఏడాదిలో ఆ సంగీతం ఎన్ని కొత్త దారులు పట్టిందో ఇవి వరుసగా వింటే తెలుస్తుందని, వీటిని విడదీయవద్దని మాస్టారు చెప్పారు. సరేనని రసీదు మీద సంతకం చేశాను.

మా దగ్గర రెండు రిజిస్టర్లు ఉండేవి. పుస్తకాలకు ఒకటి, అందులో ప్రతిదానికీ వరుస సంఖ్య. బెంచీలకు, బీరువాలకు డెడ్ స్టాక్ రిజిస్టరు. రికార్డులు ఎందులో రాయాలని సూపరింటెండెంటును అడిగాను.

"ఏందప్పా ఇంత యోచన? అట్ట మీద రాతుంది, పుస్తకాల్లో ఎక్కించు. ఈ నల్ల పళ్లాలు ఎవడు చదువుతాడు? సామాన్లో రాయి."

రెండూ కలిస్తేనే ఒకటి సార్ అన్నాను.

"నువ్వు, నీ కుర్చీ కలిస్తేనే గదా గ్రంథపాలకుడు! నిన్ను గూడా సామాన్లో రాద్దామా?"

గదిలో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆయన చెప్పినట్టే అట్టలను పుస్తకాల్లో, రికార్డులను సామాన్లో ఎక్కించాను.

మరుసటి మార్చిలో, వాడకంలో లేని సామాను ఆళ్లగడ్డ శాఖకు పంపాలని ఉత్తర్వు వచ్చింది. అభ్యంతరం రాసి పెట్టాను. "చూశాను" అన్న ఒక్క మాటతో నా కాగితం తిరిగి వచ్చింది. విరిగిన కుర్చీలతో పాటు రికార్డులు లారీ ఎక్కాయి. అట్టలు నంద్యాల బీరువాలోనే ఉండిపోయాయి.

మాస్టారు ప్రతి శనివారం వచ్చి ఆ అట్టలు తీయించుకుని, ఎవరు ఏ వాద్యం వాయించారో చదువుకునేవారు. "చదివేదానికి బాగుండాయి. పాట యాడప్పా?" అని అడిగేవారు. వస్తాయి సార్ అనేవాణ్ణి. రావని నాకు తెలుసు.

జూన్‌లో సెలవు పెట్టి ఆయనను బస్సులో ఆళ్లగడ్డ తీసుకెళ్లాను. సామాను పెట్టింది రేకుల గదిలో. రికార్డుల మీద కుర్చీలు పేర్చారు. వేసవి ఎండకు పదకొండూ వంగి అలలు తేలాయి. మాస్టారు ఒకదాన్ని వాకిలి వెలుతురుకు అడ్డంగా పట్టి చూసి కింద పెట్టారు.

"నేను నీకిచ్చినా గదప్పా. వాళ్లకియ్యలే."

ఆ తర్వాత ఆయన గ్రంథాలయం మెట్లెక్కలేదు. కొన్నేళ్లకు పోయారు.

నేను నేర్చుకున్నది ఇది. దాత నోటితో పెట్టిన షరతును రిజిస్టరులో రిమార్కుల గడిలో రాయకపోతే, ఆఫీసు దృష్టిలో ఆ షరతే లేదు. నేను రాయలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. రెండో తప్పు నాది కాదు. ఒకే వస్తువును రెండుగా చీల్చి, సగాన్ని సామానుగా నిర్ణయించింది ఏ నియమం కింద? సూపరింటెండెంటు గారు నంద్యాలలోనే ఉన్నారు, కులాసాగా ఉన్నారు, ఆయన్నే అడగండి. మాస్టారికి ఇక ఎలాగూ చెప్పలేరు. నాకు చెప్పండి, రాతలో, కింద సంతకం పెట్టి.