వట్టి చేతుల వదిన

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు రాస్తున్నాను.

మాది జువ్వలదిన్నె. మా ఆయన తండ్రి, మా మామయ్య ఊపిరితిత్తులు బీడీలకూ పడవ ఇంజను పొగకూ ఏనాడో చెడిపోయాయి. చెడిన ఊపిరితిత్తుల్లోకి రక్తం తోసీ తోసీ గుండె అలసిపోతోందనీ, అందుకే ఒంట్లో నీరు చేరుతోందనీ, ఉప్పు బాగా తగ్గించమనీ కావలి డాక్టరు విడమరిచి చెప్పాడు. నేను తల ఊపాను. అర్థం కాలేదా? అయింది.

చప్పిడి కూడు చూస్తే మామయ్య కంచం తోసేసేవాడు. ఒకరోజు ఉప్పులో ఊరిన ఎండుచేపలు, నెత్తళ్ళు నాలుగు వేయించి పెట్టాను.

"నీ చేతి చేప తింటే పానం లేచొచ్చిందమ్మా" అన్నాడు.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఇక రోజూ మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు పెట్టాను. జాలితోనా? కాదు, ఆ మాట మళ్ళీ వినాలని. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి, పాదాలు నున్నబడ్డాయి. నా వంటకు ఒళ్ళు చేశాడని మురిసిపోయాను. అదంతా నీరు.

ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాక, ఉప్పు ఎవరు పెట్టారని డాక్టరు అడిగాడు. మా ఆయన వాళ్ళక్క వైపు తిరిగాడు. ఎండుచేపలు తెచ్చేది ఆమే. పుట్టింటికి ఏనాడూ వట్టి చేతులతో వచ్చేది కాదు.

"ఏందక్కా, వద్దన్నా నాయనకు పెట్టినావా?"

"పిల్లోళ్ళకని తెచ్చినాను రా. నాయనకెందుకు పెడతాను?" అని వదిన నా వైపు చూసింది.

నేను ఫ్లాస్కు మూత బిగించుకున్నాను. తప్పు ఆమె మీదే నిలిచిపోయింది.

మామయ్య తేరుకున్నాడు. మరో నాలుగేళ్ళు అరుగు మీద వలలు బాగుచేసుకుంటూ హాయిగా బతికాడు. నా సంగతి ఎవరి దగ్గరా బయటపెట్టలేదు. చప్పిడి కూర తింటూ నన్ను చూసి నవ్వేవాడు, అంతే. ఇల్లు చల్లగా ఉంది, పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు. నిజం చెప్పాలంటే తృప్తిగానే ఉన్నాను.

వదిన మాత్రం ఆనాటి నుంచి ఏమీ తేదు. నిన్న కూడా గుమ్మంలో రెండు చేతులూ చాపి చూపించింది.

"ఏం తేలేదమ్మా, భయపడబాకు" అని నవ్వింది.

నేనూ నవ్వి కాఫీ కలిపి ఇచ్చాను. ఆమెకు ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరు ఇవ్వగలిగేది కాదు. నెత్తళ్ళు వేయించి పెట్టింది నేనే. రాసి చూసుకుంటే ఎంత చిన్న వాక్యం! మనసు మాత్రం తేలికపడింది.