మెయిన్ బంద్

యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్‌లో దయాకర్ అనే మనిషి ఉన్నాడని చాలామందికి తెలియనే తెలియదు. కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం. పొద్దున తార్నాకలోని అద్దెగది నుంచి నడిచి వచ్చేవాడు, సాయంత్రం నడిచి పోయేవాడు. పలకరిస్తే ఒక నవ్వు, అంతే. నేను ఆఫీసులో టైపిస్టుని, నా నోరు ఊరుకోదు. "ఆదివారం ఏం చేస్తవ్ దయాకర్?" అని ఒకసారి అడిగాను.

"బట్టలు ఉతుక్కుంట మేడం."

అవి ఆరేదాకా ఏం చేస్తాడో అడగడానికి నాకు మనసొప్పలేదు.

అతనికున్న ఒకే ఒక్క స్నేహితుడు పరశురాం. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. తొంభై ఏడులో బెంగుళూరు కంపెనీ నుంచి అతను మెయిల్ పెట్టాడు. "నువ్వే ఒక వెబ్ సర్వర్ పెట్టి నడిపించు. గీడ పగలు ఇంటర్నెట్ లైను దొరకది, రాత్రి మా సార్‌కు చూపిస్త. నచ్చితే నిన్ను తీసుకుంటడు. మళ్ల ఒక్క రూముల ఉందాం." చివరి మాట దయాకర్ నాకు రెండుసార్లు చదివి వినిపించాడు.

ల్యాబ్ మూలన పడేసిన పాత కంప్యూటర్ మిషన్ దులిపి, లినక్స్ అనే సిస్టం ఎక్కించాడు. దూరాన ఎవరడిగినా పేజీ పంపే ప్రోగ్రామే సర్వరట. పెద్దదైతే ఆ ముసలి మిషన్ మోయలేదని చిన్నది, తేలికైనది వెతికి పెట్టాడు. కరెంటు పోయి వస్తే, మనిషి చెయ్యి పడకుండా తనంతట తనే లేచి నడిచేలా చేశాడు. అబ్బో, ఆ రోజు దయాకర్ మొహం చూడాలి! నా టేబుల్ దగ్గరికి వచ్చి మరీ చాయ్ తాగాడు.

తర్వాత ఏ పొద్దున వచ్చినా మిషన్ నడుస్తూనే ఉండేది. "రాత్రంత ఆగలే మేడం" అని మురిసిపోయేవాడు.

కొన్నాళ్లకు పరశురాం నుంచి మళ్లీ మెయిల్. "ఏ రాత్రి చూసినా నీ సర్వర్ దొరకలే. నీకు రాబుద్ధి లేదనుకుని ఊకున్న. మా సారు వేరేటాయన్ని తీసుకున్నడు."

దయాకర్ ఆఫీసు మధ్యలో నిలబడి, మొదటిసారి అందరికీ వినబడేలా అడిగాడు. "రాత్రి గీడ కరెంటు పోతున్నదా?"

"పోవుడేంది సార్?" అన్నాడు అటెండర్ సమ్మయ్య. "వైరింగ్ పాతది గద, తాళం ఏసేటప్పుడు మెయిన్ స్విచ్చి నేనే బంద్ చేస్త. పొద్దుగాల మీకంటె ముందొచ్చి ఆన్ చేస్త, మీ మిషన్ దానంతటదే లేస్తది."

నాకు ఒళ్లు మండింది. సమ్మయ్య మీద కాదు. రాత్రి కూడా మిషన్ నడవాలని ఒక్క మాట చెప్పడానికి ఈ మనిషికి నోరు రాలేదా? ఇన్నేళ్లుగా ఒకే గడప తొక్కుతూ, సమ్మయ్యతో ఒక్కపూట చాయ్ తాగినా తెలిసిపోయేది కదా!

విషయం తెలిసి సమ్మయ్య మొహం మాడిపోయింది. ఆ సాయంత్రం తాళం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సార్, ఇయ్యాల్టి సంది మెయిన్ బంద్ చెయ్య. హెడ్ సార్ తిడితే నేను పడ్త."

దయాకర్ సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"బంద్ చెయ్యి సమ్మన్నా. రాత్రి చూసేటోళ్లు ఎవరున్నరు?"