మగ్గం గుంటలో జానెడు గుడ్డలు

ఆమదాలవలసకు రెండు క్రోసుల దూరంలో దాలయ్య నేసే లుంగీలకు ఒక గుర్తుండేది. కొలత ముగిశాక ఇంకో జానెడు నేసి గాని మగ్గం మీంచి కోసేవాడు కాదు. అది కొసరు. కట్టుకునేవాడికి దీవెన అని తండ్రి నేర్పాడు. యుద్ధానికి ముందు రంగూను వెళ్ళిన లుంగీలన్నీ అలా వెళ్ళినవే.

నలభై ఆరులో సింహళానికి సరుకు పంపే వీలు దొరికింది. అయితే రెండు ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం ప్రకారం ఇన్ని గజాలని లెక్క కట్టే గుడ్డను ఓడ ఎక్కించాలి. షావుకారు నగరేశ్వరరావుకు వచ్చిన కోటాలో దాలయ్యవి నలభై లుంగీలు, ఒక్కోటి రెండు గజాలు. అలవాటు పడ్డ చెయ్యి కొసరు మానలేదు.

బేళ్లు స్టేషను గూడ్సు షెడ్డుకు చేరిన మర్నాడు పొద్దున్నే షావుకారు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మధ్యాహ్నం బండికి కంట్రోలు ఆఫీసరు దిగుతాడట. బేళ్లు విప్పి కొలుస్తాడు. నీ లుంగీలు ఎంతున్నాయిరా దాలయ్యా?"

"ఎప్పుడూ ఉన్నంతే బాబూ. రెండు గజాలూ, ఓ జానా."

"అంటే పది గజాలు ఎక్కువ. నా పర్మిట్టు పోతాది, నీ నూలు కార్డు పోతాది. ఆపైన జైలు."

కార్డు లేనివాడికి కంట్రోలు దుకాణంలో పోగు కూడా పుట్టదు. దాలయ్య కత్తెర తీసుకుని బయల్దేరాడు.

షెడ్డులో బేళ్లు విప్పి నలభై కొసర్లు కోశాడు. తొందరలో మూడు వంకరపోయాయి. ముక్కలన్నీ పంచె లోపల నడుముకు చుట్టుకుని, రోడ్డు వదిలి పొలం గట్లమీద ఇంటికి వచ్చాడు.

"ఏటయ్యా, నెలలు నిండినట్టున్నాదేటి కడుపు?" అంది భార్య అసిరమ్మ.

"సిన్నగా మాటాడే. ఇవి కాల్సేద్దుమా?"

"కాలిన గుడ్డ వాసన వీధంతా తెలుస్తాది. మగ్గం గుంటలో పాతియ్యి."

దాలయ్య అలాగే పాతాడు. మధ్యాహ్నం షెడ్డులో ఆఫీసరు కొలిస్తే కొలత సరిపోయింది. కాని కొసలు కొత్తగా కోసినట్టున్నాయని ఆఫీసరుకు అనుమానం తగిలింది. మూడోనాడు జవానును వెంటబెట్టుకుని ఇంటికే వచ్చాడు. దాలయ్య గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు.

"కోసిన ముక్కలేవి?"

"ఏ ముక్కలు బాబూ?"

"లే పైకి."

దాలయ్య లేవలేదు. నటన కాదు, కాళ్లు నిజంగానే రాలేదని అసిరమ్మ చెబుతుంది. ఆమే ముందుకు వచ్చింది.

"మా ఇంటాయనకి తిమ్మిర్లు బాబూ. పొద్దున్నుంచీ లెగమంటన్నాను. నా మాటే యినడు, మీ మాట యింటాడేటి?"

జవాను నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. అటక వెతికించాడు, గంజి కుండలో కర్ర పెట్టి కలిపించాడు. చివరికి గుంట అంచున వంగి చూశాడు. తొక్కుడు చెక్కల మీద దాలయ్య పాదాలు టకటకమని వణుకుతున్నాయి. ఆఫీసరు వాటినే కాసేపు చూసి, జవానును పిలుచుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి దాలయ్య ప్రతి లుంగీనీ మూడుసార్లు కొలిచేవాడు. కొన్నేళ్ళకు కంట్రోలు ఎత్తేశారు.

"ఇప్పుడైనా తవ్వి తియ్యరాదా? బొంతన్నా కుట్టుకుందుం," అంది అసిరమ్మ.

దాలయ్య వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు. కాళ్లు గుంటలోకి దించి నేతకు కూర్చున్నాడు.