బురద సముద్రం స్టూడియో

నా చిన్నప్పుడు మా గద్వాలలో సముద్రం ఒక గుడ్డ మీద ఉండేది. మా చిన్నాయన ఫొటో స్టూడియోలో, గోడకు వేలాడే తెర మీద. అలలు, పడవ, ఒడ్డున లైట్‌హౌస్. అన్నీ ఆయనే గీశాడు. దాని ముందు కుర్చీ వేసి కొత్త పెళ్ళి జంటలను కూర్చోబెట్టి ఫొటో తీసేవాడు.

ఇప్పుడు ఈ కథ ఎందుకంటే, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అరవై దాటాక నేను డిగ్రీ పాసయ్యాను! మా పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఇంతకుముందు ఎవరూ డిగ్రీ చదవలేదు. నా కొడుకులు కూడా ఇంటర్ దగ్గరే ఆగి పనుల్లో పడ్డారు. పట్టా చేతికొచ్చిన వారానికే, తూర్పు తీరమంతా తిరిగి నేను తీసిన పాత లైట్‌హౌస్‌ల ఫొటోలను మా ఊరి కాలేజీ హాల్లో వరసగా పెట్టారు. సంతోషం పట్టలేక కూరగాయల బండి దగ్గర కూడా ఈ సంగతి చెప్పాను. అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు. మగ్గాల ఊళ్ళో పుట్టినదానికి ఈ లైట్‌హౌస్‌ల పిచ్చి ఎక్కడిదని.

మాది నేత కుటుంబం. మా తాతయ్య మగ్గం మీద పట్టుచీర దిగిందంటే బజార్లో షావుకార్లు లేచి నిలబడి చూసేవారు. అటువంటి ఇంట్లో పుట్టి మా చిన్నాయన మగ్గం వదిలేసి కెమెరా పట్టుకున్నాడు. తాతయ్య చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు. ఆ ఏడాది పెళ్ళిళ్ళ సీజన్ అయ్యేలోగా స్టూడియో దాని తిండి అది తినాలి, లేకపోతే తాళం వేసి వచ్చి మగ్గం గుంతలో కూర్చుని చీరలు నేయాలి. చిన్నాయన ఒప్పుకున్నాడు. జనాన్ని రప్పించడానికే ఆ సముద్రం తెర గీశాడు.

అయితే ఆయన ఎన్నడూ సముద్రం చూడలేదు.

ఒకరోజు కొత్తకోట నుంచి ఒక లారీ డ్రైవర్ పెళ్ళాం పిల్లలతో ఫొటోకు వచ్చాడు. నేను పక్కనే నిలబడి పౌడర్ డబ్బా, దువ్వెన అందిస్తున్నాను. ఆ మనిషి తెర వైపు ఒకసారి చూసి, మళ్ళీ దగ్గరికి పోయి చూసి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"గిదేం సముద్రం తమ్మీ! బీచుపల్లి కాడ కృష్ణకు వరదొచ్చినట్టుంది. సముద్రం ఏడన్నా బురదగుంటదా? గా లైట్‌హౌస్ జూడు, మన కోట బురుజు తెచ్చి నిలవెట్టినవ్. నెత్తి మీద పెట్రోమాక్స్ దీపం ఒకటి!"

నిజమే. చిన్నాయన చూసిన పెద్ద నీళ్ళంటే వరద కృష్ణే. ఎత్తైన కట్టడమంటే కోట బురుజే. రాత్రి వెలుగంటే పెళ్ళి ఊరేగింపులో నెత్తిన మోసే పెట్రోమాక్సే. తన వంతు కోసం కూర్చున్న కొత్త జంట కూడా నవ్వేసింది. నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన అతన్ని బయటికి పొమ్మంటాడనుకున్నాను. ఆయన మాత్రం ఒక స్టూలు లాగి డ్రైవర్ ముందు వేశాడు.

"కూసో అన్నా. నేను సూడలే. నువ్వు సూసినవ్ గద, ఎట్లుంటదో జర చెప్పు."

డ్రైవర్ నవ్వు ఆగిపోయింది. కాసేపు చేతులు తిప్పుతూ చెప్పబోయి, చేతకాక వదిలేశాడు. "చెప్తె తెల్వదు తమ్మీ. పల్లికాయ లోడు ఏస్కొని ఎల్లుండి విశాఖ దిక్కు పోతున్న. వస్తవా?"

చిన్నాయన వెంటనే సరేనన్నాడు. మేం ఇల్లు చేరేలోపే ఆ వార్త ఊరంతా తిరిగింది. తెల్లారేసరికి పిల్లలు మా దుకాణానికి 'బురద సముద్రం స్టూడియో' అని పేరు పెట్టేశారు. తాతయ్య మగ్గం మీద నుంచి తలెత్తకుండానే, "సీజన్ల దుకాణం బందువెట్టి సముద్రం సూడనీకె పోతుండంట! పోనీ, వచ్చినంక సక్కగ గుంతల కూసుంటడు" అన్నాడు. సీజన్ సగం గడిచిపోయింది. తలుపు మూసిన ప్రతి రోజూ చిన్నాయన మగ్గం వైపు ఒక అడుగు వేస్తున్నట్టే. అది నాకు కూడా అర్థమైంది.

ఆయన నన్ను వెంట తీసుకుపోవడానికి ఒక కారణం ఉంది. ఆ రోజుల్లో ఫొటోలో రంగు పడదు. "ఆకారం కెమెరా చూసుకుంటది. రంగులు నువ్వు యాదిపెట్టుకోవాలె బిడ్డా. మీ తాత దారాల నడుమ పెరిగినదానివి" అన్నాడు. అంత పెద్ద పని నాకు అంతకుముందు ఎవరూ అప్పగించలేదు. లారీలో పల్లికాయ బస్తాల వాసనలో కూర్చుని దారి పొడవునా రంగుల పేర్లు వల్లె వేసుకున్నాను.

విశాఖ దాటాక డ్రైవర్ మమ్మల్ని ఒక రాళ్ళ తీరం దగ్గర దించాడు. నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి పైన తెల్లటి పాత లైట్‌హౌస్. ఎప్పటిదో, సున్నం పెచ్చులూడి, ఉప్పుగాలికి ఇనుప కటకటాలు తుప్పు పట్టి ఉంది. అయినా ఎంత ధీమాగా నిలబడిందో! కింద నీళ్ళు బండలకు కొట్టుకుని పైకి లేస్తుంటే నేను చిన్నాయన చొక్కా వదల్లేదు.

అక్కడ కాపలా ఉన్న పెద్దాయన్ను చిన్నాయన అడగని ప్రశ్న లేదు. దీపానికి గ్యాసునూనె ఎంత పడుతుంది, గాలికి ఆరిపోదా, వానొస్తే గొడుగు పడతారా అని కూడా అడిగాడు. పెద్దాయన పడీపడీ నవ్వాడు. నాకు మళ్ళీ సిగ్గేసింది. "అడగకు చిన్నాయనా, నవ్వుతుండు" అని చొక్కా గుంజాను.

"నవ్వితె నవ్వనీ. నవ్వుకుంట చెప్తుండు గద, నువ్వు గూడ ఇను" అన్నాడు.

ఆ పెద్దాయన నవ్వుతూనే మమ్మల్ని లోపలికి తీసుకుపోయాడు. మెలికలు తిరిగే మెట్లెక్కించి, పైన గుమ్మడికాయంత గాజు బిళ్ళలు అమర్చిన దీపం చూపించాడు. చిన్న వెలుగును ఆ గాజు ఎలా పోగుచేసి దూరానికి పంపుతుందో చెప్పాడు. ఏమీ అడగకుండా పోయుంటే బయట నుంచి గోడ చూసి వచ్చేవాళ్ళం. సాయంత్రం ఎండ వాలాక చిన్నాయన కెమెరాను బండ మీద నిలిపి, అంతా సరిచేసి, "నువ్వు నొక్కు" అన్నాడు. నా మొదటి లైట్‌హౌస్ ఫొటో అది.

ఇంటికొచ్చి తెరకు మళ్ళీ తెల్లసున్నం కొట్టాడు. ఫొటో చూసి ఆకారం గీశాడు. రంగుల దగ్గరికి వచ్చేసరికి ఎంత చెప్పినా నా మాటలు చాల్లేదు. పరుగెత్తుకుపోయి తాతయ్య పట్టుదారాల మూట ఎత్తుకొచ్చాను. బండల దగ్గర నీళ్ళు నెమలికంఠం, దూరంగా వంగపండు, ఆకాశాన్ని తాకే చోట పావురం రెక్క. ఒక్కో చిలపను, అంటే దారపు కట్టను, తెరకు ఆనించి చూపిస్తుంటే చిన్నాయన ఆ రంగు కలుపుతూ పోయాడు.

దారాలు కనపడక తాతయ్య స్టూడియోకే వచ్చేశాడు. కోపంగా లోపలికి అడుగుపెట్టి తెర ముందు ఆగిపోయాడు. చీర దిగినప్పుడు చూసినట్టే చూశాడు. ముందు దూరం నుంచి, తర్వాత ముక్కు ఆనేంత దగ్గర నుంచి.

"నీళ్ళు మొగులు కలిసే కాడ అంచు గట్టిగ పడ్డది. జర మెత్తగ దించు" అన్నాడు. చిన్నాయన కుంచె తీసుకుని నీళ్ళకూ ఆకాశానికీ నడుమ గీతను మెత్తబరిచాడు. తాతయ్య తల ఊపి, భుజం మీది కండువా సర్దుకున్నాడు. "ఊఁ, కుర్చీ ఎయ్యి. నాదొక ఫొటో తియ్యి."

ఆ తర్వాత తాతయ్య మగ్గం మాట ఎత్తలేదు. మిగిలిన సీజన్లో వనపర్తి నుంచి, వీపనగండ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని జనం వచ్చారు. కొత్తకోట డ్రైవర్ తన వాళ్ళందరినీ తెచ్చి, ఈ సముద్రం తనే చూపించానని మీసం తిప్పాడు. పెద్దయ్యాక ఆ స్టూడియోను నేనే నడిపాను. డిగ్రీ క్లాసులో నా మనవళ్ళ వయసు పిల్లలు నా జవాబులకు నవ్వినప్పుడల్లా, "అయితే ఎట్లనో చెప్పు బిడ్డా" అని వాళ్ళ బెంచీ మీదే కూర్చున్నాను. అలాగే పాసయ్యాను.

నిన్న కాలేజీ హాల్లో అందరూ మెచ్చుకుంటూ తిరుగుతున్నారు. మా పక్కింటికి భీమిలి నుంచి కోడలుగా వచ్చిన పిల్ల మాత్రం ఫొటోలన్నీ చూసి ఫక్కున నవ్వింది. వాళ్ళ నాన్న చేపల వేటకు పోతాడు.

"ఏటి పెద్దమ్మా, అన్నీ గట్టు మీంచే తీసీసావు! లైట్‌హౌస్ గట్టు మీదోళ్ళకేటి? నీళ్ళ మీదున్నోళ్ళకి కదా. అటు నుంచి ఒక్కటీ నేదు!"

మా పెద్దోడు ముఖం ముడుచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళు తిరిగీ ఆ వైపు నుంచి చూడాలని నాకు తోచనే లేదు. ఆ పిల్లను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అలల మీద నుంచి లైట్‌హౌస్ ఎంత ఎత్తులో కనిపిస్తుందో, పొద్దుగూకాక మొదటి వెలుగు పడగానే పడవలో వాళ్ళు ఏమనుకుంటారో, అన్నీ అడిగాను. ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది, నేను వింటూనే ఉన్నాను. వచ్చే నెల వాళ్ళ నాన్న పడవ ఎక్కుతున్నాను. ఇంట్లో అందరూ పరేషాన్ అవుతున్నారు. ఎవరైనా నా పని చూసి నవ్వితే, వాళ్ళ దగ్గర నేను చూడనిదేదో ఉందని ఇప్పటికీ నాకు ఆశ పుడుతుంది. మా చిన్నాయన నాలో వెలిగించిపోయిన ఆశ అది.