ట్యాంకు వెనక గెస్టు

హాస్టల్లో సీటు దొరకని పేదపిల్లలకు కూడా అన్నం పెట్టాలన్న ఉత్తర్వు మా ధర్నా వల్లే వచ్చిందని మా బ్యాచ్ వాళ్లు ఎక్కడ కలిసినా చెప్పుకుంటారు. కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నామని, ఖాళీ కంచాలను గరిటెలతో వాయించామని, ఆ మోత అసెంబ్లీ దాకా వినపడిందని. కూర్చున్న మాట నిజం. వాయించిన మాటా నిజం. నా కంచానికి సొట్ట కూడా పడింది. ఆ తర్వాత ఏమైందో మాత్రం ఒక్కరూ చెప్పరు. నేను నోరు తెరిస్తే, "నీకు తప్పులు వెతకడమే పని" అంటారు. సరే, నా పని నేను చేస్తాను. ఉత్తర్వు రాకముందు నల్లమాడ పిల్ల మా హాస్టల్లో అన్నం తినేది. వచ్చాక తినలేదు.

తొంభైల చివర్లో అనంతపురంలో ఆమే నేనూ డిగ్రీ రెండో సంవత్సరం, ఒకే క్లాసు. వాళ్ల ఊరు నల్లమాడ పక్కన, అందుకే ఆ పిలుపు. ఆదాయం సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. దాంతో నా చాప మీదే పడుకునేది, నా కంచంలోనే తినేది. ఇలాంటి వాళ్లను గెస్టులు అనేవాళ్లం. ఏటా ఒకరిద్దరు ఉండేవాళ్లు. ఆ ఏడు ఆమె ఒక్కతే.

మెస్ నడుపుకునేది మేమే. సెక్రటరీని నేను. వంటామె నా కంచంలో ఇంకో సంగటి ముద్ద వేస్తూ, "ఏం మే, ఒక్క కడుపుకే ఇంత పోతాండాదా?" అని దెప్పేది. దెప్పుతూనే రోట్లో నూరిన పచ్చడి, ఊరిబిండి కూడా ఎక్కువ వేసేది. తనిఖీలప్పుడే ఇబ్బంది. గెస్టు దొరికితే ఆమెను వెళ్లగొడతారు, కంచం ఇచ్చినామె సీటు కూడా పోతుంది. అంతకుముందు ఏడు ఒక ఆఫీసరు తియ్యగా అడిగితే గార్లదిన్నె పిల్ల ఉన్నమాట చెప్పి, తన సీటు పోగొట్టుకుంది. అప్పటి నుంచి గేటు దగ్గర జీపు చప్పుడైతే చాలు, గెస్టు మిద్దె ఎక్కి నీళ్ల ట్యాంకు వెనక కూర్చునేది. ఎవరూ చెప్పే పనే లేదు.

ధర్నా అయిన రెండు నెలలకు, సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ జీపు వచ్చింది. నల్లమాడ పిల్ల కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి పైకి పోయింది.

కొత్త ఆఫీసరు. చేతిలో ఒక కాగితం. "సీటు లేకుండా ఈడ తింటాండే పిల్లోళ్లు ఎవరన్నా ఉండారామ్మా? పేర్లు చెప్పండి. వాళ్లకు కూడా పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చిండాది" అన్నాడు.

ఆ మాట కోసమే కదా ఎండలో కూర్చున్నాం? నాకు మాత్రం గార్లదిన్నె పిల్లే కళ్లముందు నిలబడింది. వార్డెన్ మేడమ్ నేల చూపులు చూస్తోంది. హాలంతా నా వైపు చూస్తోంది.

"ఎవరూ లేరు సార్. మాకే చాలక చస్తాంటే గెస్టులు యాడనుంచి వస్తారు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "నోరు గట్టిదే పాపా నీది. ఈడ సంతకం పెట్టు."

పెట్టాను.

వారం తర్వాత జాబితా వచ్చింది. పక్క హాస్టళ్ల గెస్టుల పేర్లు వరసగా ఉన్నాయి. మా హాస్టల్ పేరు ఎదురుగా 'లేరు' అని ఉంది. మేడమ్ దగ్గరికి పరిగెత్తాను.

"అడిగితే లేరంటివి. సంతకం నీదే, నాది కూడా. ఇప్పుడు ఉండాదంటే ఇద్దరం ఇరుక్కుంటాం. వచ్చే ఏడు చూద్దాంలే" అంది మేడమ్.

అవసరమున్న వాళ్లంతా జాబితాలోకి ఎక్కారు కాబట్టి ఇక గెస్టులు ఉండకూడదన్నారు ఆఫీసు వాళ్లు. బియ్యం, రాగిపిండి తలకింత అని తూకం వేసి ఇచ్చారు. భోజనాల హాల్లో మేడమ్ కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు రోజులు చున్నీలో సంగటి ముద్ద చుట్టుకుని గదికి పట్టుకెళ్లాను. నాలుగో రోజు నల్లమాడ పిల్లే వద్దంది.

"చాల్లే మే. నీ చున్నీలన్నీ సంగటి వాసనొస్తాండాయి. క్లాసులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

పదో రోజు ట్రంకు పెట్టె సర్దుకుంది. "చెనక్కాయ పెరికేకి మనుషులు దొరకలేదంట. నాయన ఒక్కడే ఉండాడు. పోయొస్తా" అంది. తిరిగొచ్చే మనిషికి పెట్టెతో ఏం పని? ఎవరి మాటకైనా ఎదురు మాట సిద్ధంగా ఉంచుకునే నేను అది అడగలేదు. గేటు దాకా పోయాను. రిక్షా మలుపు తిరిగింది. లోపలికొచ్చి భోజనానికి కూర్చున్నాను. ఆ రోజు ఊరిబిండి బాగా కుదిరింది. రెండోసారి వేయించుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు.

తర్వాత ఒకరోజు మిద్దె ఎక్కి ట్యాంకు వెనక కూర్చున్నాను. కింద హాల్లో వంటామె ఎవరినో తిడుతోంది. గాలి కిటికీల్లోంచి ఒక్కో తిట్టూ పొల్లు పోకుండా వినపడింది. మామూలుగా మాట్లాడినా వినపడుతుంది.

ఆ తర్వాత ఒకసారి నల్లమాడ మీదుగా బస్సులో పోయాను. బస్సు చాలాసేపు ఆగింది. దిగలేదు.

ఆ రోజు ట్యాంకు వెనక నుంచి ఆఫీసరు మాట ఆమె వినింది. నా మాటా వినింది. మెట్లు పదిహేను కూడా లేవు. దిగొచ్చి "నేనుండాను సార్" అంటే చాలు, ఆమె చదువు ఆగేది కాదు. నేను అందరి ముందూ అబద్ధాలకోరునై నిలబడేదాన్ని, అంతే. నన్ను కాపాడాలనే దిగలేదా, లేక నేను ఎవరూ లేరన్నాక ఇంక దిగి ఏం లాభమనుకుందా?