ఏటా చచ్చే మామ

మా మామ చచ్చిపోయాడు. ఈసారి నిజంగానే.

ముత్తియాల్‌పేటలో మా వీధివాళ్ళకు ఆయన చావు కొత్త కాదు. ముప్పయ్యేళ్ళకు పైగా, దీపావళి దాటి ఆరు రోజులకు వచ్చే సష్టినాడు, మా వీధి గుడిలో మురుగన్ సూరుడనే రాక్షసుణ్ణి చంపే సూరసంహారం ఆటలో ఆయనే సూరుడు. సాయంత్రం మురుగన్ వేలాయుధం వచ్చి రొమ్ముకు తగిలితే వెల్లకిలా పడేవాడు. కాసేపటికి లేచి, వీపు దులుపుకుని, టీ యాడుండాదని అడిగేవాడు. ఈసారి సష్టిదాకా ఆగలేదు. ఆయుధపూజ మరునాడు పొద్దున, ఎవరో దిష్టి తీసి వీధిలో పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ ముక్క మీద బండి జారింది. తల కాలవ గట్టుకు కొట్టుకుంది. ముప్పయిసార్లు దేవుడి చేతిలో చచ్చినవాడిని కుంకుమ పూసిన గుమ్మడికాయ చంపింది.

మామ అంటే వరసకే, చుట్టరికం లేదు. గోడ అవతల ఇల్లు. సేదరపేట్‌లో ఫ్యాక్టరీ పని. పొంగల్‌కి, దీపావళికి లీవు పెట్టేవాడు కాదు. సష్టికి మాత్రం తప్పేది కాదు. కారణం ఏమని రాస్తావు మామా అని ఒకసారి అడిగాను.

"నా చావని రాస్తాను."

"సూపర్‌వైజరు ఏమంటాడు?"

"పోయినేడు గూడా ఇదే రాసినావు గదా అన్యాడు. పోయినేడు సరిగ్గా చావలేదు సారూ అన్యాను."

సూరుడంటే మీరు బొమ్మ అనుకోవద్దు. వెదురు తడికెలతో ఆరడుగుల ఒళ్ళు, పైన చింతకట్టెతో చెక్కిన తల. లోపల మనిషి నిలబడి దాన్ని భుజాల మీద మోస్తూ ఆడాలి. చూడటానికి రొమ్ము దగ్గర బెత్తెడు సందు ఉంటుంది, అంతే. మొదట ఏనుగు తల తెగుతుంది, తర్వాత సింహం తల పెడతారు, అదీ తెగుతుంది, చివరికి సూరుడి సొంత తల. మా వీధిలో దీనికి ఒక ఆచారం ఉంది. సూరుడు ఇంటి ముందుకు వస్తే రాళ్ళుప్పు, మిరియాలు కలిపి గుప్పిళ్ళతో కొట్టాలి. నోటికొచ్చినట్టు తిట్టాలి. ఏడాది పొడుగునా అత్తమీద, బావమీద, ఆఫీసరుమీద మింగిన కోపమంతా ఆ పూట సూరుడి మీద కక్కాలి. ఎంత నెమ్మదైన ఆడవాళ్ళయినా ఆ రోజు ఉప్పు విసిరే తీరు చూస్తే వాళ్ళ మొగుళ్ళకు చెమట పట్టేది.

మామ ఏ పండగనైనా దెబ్బల లెక్కనే చూసేవాడు. మాసి నెలలో మయానకొళ్ళై జాతరకి శ్మశానందాకా వెళ్ళేవాడు. అక్కడ అమ్మవారు పూనినవాళ్ళు కోడి మెడ కొరుకుతుంటే కళ్ళు మూసుకోకుండా చూసేవాడు. ఆడి నెలలో వీరాంపట్టినం తేరు తాడు లాగి, అరచేతులు తోలు లేచి వచ్చేవాడు. గుడ్ ఫ్రైడే నాడు చర్చి వీధిలో కొరడా దెబ్బలు తింటూ శిలువ మోసే వేషాన్ని చూడటానికి నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. వేషగాడు నడుమ కూర్చుని నీళ్ళు తాగితే మామకు నచ్చలేదు. "దెబ్బ తినేవాడు గట్టిగా ఉంటేనే అల్లుడా దేవుడికి మర్యాద," అన్నాడు. ఆయన సొంతంగా ఏమైనా నమ్మాడంటే అదొక్కటే.

ఇప్పుడు నా సంగతి. తప్పించుకోకుండా రాస్తాను.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నన్ను చూస్తే వీధిలో తలుపులు మూసుకునేవాళ్ళు. గుడి మైకులో గాడిదలా ఓండ్రపెట్టింది నేనే, పెళ్ళివారి చెప్పులన్నీ జతలు మార్చింది నేనే. ఆ ఏడు సష్టికి ఉప్పుతో నాకు సరదా తీరలేదు. మా అమ్మ సన్నికల్లు పొత్రం అంచు విరిగి నిమ్మకాయంత ముక్క పెరట్లో పడి ఉంది. ఒక పక్క నున్నగా అరిగింది, ఇంకో పక్క ఉలిగాట్లు. ఉప్పు గుప్పిట్లో దాన్ని దాచాను. సింహం తలకు తగిలి ఠంగుమంటే జనం నవ్వుతారనుకున్నాను. నా గురి ఎప్పుడూ చెడ్డదే. రాయి రొమ్ము సందులో దూరింది.

లోపలినుంచి చప్పుడు లేదు. సూరుడు ఒక్క అడుగు తూలాడు, మళ్ళీ ఆడాడు. తడికెల సందుల్లోంచి రక్తం కారి పంచె మీదికి దిగింది. జనం అది కూడా వేషమే అనుకుని ఈలలు వేశారు. నేనూ వేశాను. సింహం తల తీసి సూరుడి తల పెట్టారు, అదీ ఆడించాడు. వేలాయుధం తగిలాక గాని పడలేదు. తడికెలు విప్పితే ఎడమ కనుబొమ చీలి చర్మం రెప్ప మీదికి వేలాడుతోంది. కుట్లు వేశారు. ఆ కన్ను మాత్రం అప్పటినుంచి మసకే.

ఎవరు కొట్టారో ఆయన వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఏటా సష్టి పొద్దున గోడ మీదుగా తల పెట్టి అడిగేవాడు.

"ఏం అల్లుడా, మీ అమ్మ పొత్రం బాగుండాదా?"

"బాగుండాది మామా. నీ తలకాయ బాగుండాదా?"

"మూడుండాయి గదా. యాదో ఒకటి బాగుంటాది."

అంతే. నేను ఒప్పుకోవడానికి ఏటా తలుపు తీసి పెట్టేవాడు, నేను ఏటా ఒక జోకు వేసి మూసేవాడిని. ఇరవయ్యెనిమిదేళ్ళు.

శవాన్ని ఎత్తే రోజు నేను వీధిలో నిలబడి గొంతు చించుకున్నాను. ఎవడిదిరా గుమ్మడికాయ, దిష్టి తీసుకున్నవాడికి ముక్కలు ఊడ్చే చేతులు లేవా, మగాడైతే నాదని చెప్పమన్నాను. ప్రతి గడప ముందూ కుంకుమ మరక ఉంది. అప్పుడు మామ పెద్దకొడుకు నెమ్మదిగా అన్నాడు: "ఊరుకో బావా. ముక్క ఎడమ పక్కన ఉండింది. నాయనకు ఆ పక్క కనపడదు గదా."

నేను వెళ్ళి పాడెకు భుజం పట్టాను.

పదహారో రోజు కర్మ అయ్యాక అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె వంటింటి గడప మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది.

"అత్తా, ఆ రాయి నాది."

"తెలుసు."

"కన్ను బాగుండుంటే మామ గుమ్మడికాయను చూసుండేవాడు."

ఆమె చేయి ఆగలేదు. "నీ రాయా, వాళ్ళ కాయా అని నేను తక్కెడ పట్టుకోని కూర్చోలేదురా. కొట్టినావు, కన్ను పోయింది. కాదనను. ఇరవయ్యెనిమిదేండ్లు మా ఇంట్లో కాపీ తాగినావే, అప్పుడంతా నోరు యాడ పెట్టినావు?"

నేను కింద కూర్చుని ఆమెతోపాటు పిక్కలు తీయసాగాను.

"నా బిడ్డలకు ఏడాదిదాకా మైల, సూరుణ్ణి ముట్టకూడదు. సష్టి వస్తాండాది," అంది. "ఈ ఏడు ఎవురు చచ్చేది, అది చెప్పు ముందు."

"నేను చస్తాను అత్తా."

"వేలాయుధం వచ్చేదాకా నిలబడతావా? నడుమ పడితే నేనే వచ్చి తంతాను."

సష్టి సాయంత్రం గుడి వెనక నాకు తడికెలు కట్టారు. లోపల మామ చెమట వాసన, ఆయన రుద్దుకునే నొప్పుల తైలం వాసన ఇంకా ఉన్నాయి. ఏనుగు తల పెడుతుంటే మెడ దగ్గర కట్టెకూ వెదురుకూ మధ్య ఏదో గట్టిగా తగిలింది. తడిమాను. ఒక పక్క నున్నగా ఉంది, ఇంకో పక్క ఉలిగాట్లు. తల కదలకుండా మామ దాన్ని గుడ్డపీలికతో చుట్టి అక్కడ బిగించాడు. తీసేస్తే తల ఆగదు.

అరవ ఊళ్ళో పెరిగిన మామకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇదంతా ఆయన చదవలేని అక్షరాల్లో రాస్తున్నాను, ఇక్కడ కూడా నా దొంగబుద్ధి పోలేదు. ఆ పూట మాత్రం డప్పుల మధ్య, ఎవరికీ వినపడని చోట, గట్టిగా చెప్పాను. మామా, పొత్రం నాదే.

వీధిలోకి దిగాను. బెత్తెడు సందులోంచి మా ఇళ్ళే కనపడ్డాయి, గడప గడపకూ గుప్పిట బిగించిన చేతులు. నన్ను పేరుపెట్టి తిట్టారు. ఉప్పు కంట్లో పడింది, ఎడమ కంట్లోనే. తుడుచుకుందామంటే రెండు చేతులూ సూరుణ్ణి పట్టుకుని ఉన్నాయి. మా గోడ దగ్గర అత్త నిలబడి ఉంది. తెల్లచీర కొంగులోంచి గుప్పెడు ఉప్పు తీసి, నా రొమ్ము సందుకు గురి చూసి, బలమంతా పెట్టి విసిరింది.